రసీదు పుచ్చుకున్న రాముడు: భక్తుల కథల్లో కల్పన ఎక్కడ మొలుస్తుంది?

భద్రాచల రామదాసు కథ విన్నవాళ్లందరికీ అందులో కబీరు తెలుసు. గోపన్నకు రామ తారక మంత్రం ఉపదేశించింది ఆయనే. హరికథల్లో అలాగే చెబుతారు. 2006లో వచ్చిన 'శ్రీరామదాసు' సినిమాలో అక్కినేని నాగేశ్వరరావు కబీరుగా కనిపిస్తారు కూడా. చిక్కల్లా తేదీలతోనే. కబీరు పదిహేనో శతాబ్దపు మనిషి. ఆయన ఆయుష్షును ఎంత సాగదీసి లెక్కవేసినా 1518 దాటదు. గోపన్నను చెరసాలలో పెట్టించిన తానీషా, అంటే అబుల్ హసన్ కుతుబ్ షా, గోల్కొండ గద్దెనెక్కింది 1672లో. మధ్యలో నూట యాభై ఏళ్ల పైచిలుకు ఖాళీ.

తప్పు పట్టుకుని నవ్వి ఊరుకోవచ్చు. కానీ కథ చెప్పినవాళ్లకు కబీరుతో ఏం పని పడిందో చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. గోపన్న బ్రాహ్మణుడు, రామభక్తుడు, గోల్కొండ కొలువు తరఫున పాల్వంచ పరగణాకు తహసీల్దారు. ప్రభువు ముస్లిం. సర్కారు సొమ్ముతో గుడి కట్టాడని భక్తుణ్ని జైల్లో పెట్టిందీ ఆ ప్రభువే, చివరికి రాముణ్ని కళ్లారా చూసే భాగ్యం దక్కిందీ ఆ ప్రభువుకే. పన్నెండేళ్లు మగ్గిన గోపన్నకు ఆ రాత్రి దర్శనం లేదు! ఇలాంటి ముగింపు ఉన్న కథకు, రెండు వైపులా కాలు మోపగలిగిన మనిషి మొదట్లోనే ఒకడు కావాలి. ముస్లిం నేతగాళ్ల ఇంట పెరిగి రామనామం పాడిన కబీరును మించినవాడు ఇంకెవరున్నారు? అందుకని కాశీ నుంచి ఆయన్ను పిలిపించారు. నూట యాభై ఏళ్లు అడ్డం రాలేదు.

ఇది మన దగ్గరే జరిగిన పని కాదు. బస్రా నగరపు సూఫీ వలీ, అంటే భక్తురాలు, రాబియా కథల్లో హసన్ బస్రీ తరచూ ఎదురవుతాడు. 1220 ప్రాంతంలో నిషాపూర్‌కు చెందిన అత్తార్ పారశీకంలో కూర్చిన వలీల చరిత్రల్లో ఒక ముచ్చట ఉంది. హసన్ తన జానమాజును, అంటే నమాజు చాపను, నీటి మీద పరిచి, రా, ఇక్కడ నమాజు చేద్దామంటాడు. రాబియా తన జానమాజును గాలిలోకి విసిరి, పైకి రా, ఇక్కడ చేద్దామంటుంది. తర్వాత, నువ్వు చేసింది చేప చేస్తుంది, నేను చేసింది ఈగ చేస్తుంది, అసలు పని ఈ రెండింటికీ అవతల ఉందని చెబుతుంది. చాలా చక్కని కథ. అయితే హసన్ చనిపోయింది 728లో, రాబియా 801లో. హసన్ పోయేనాటికి ఆమె పదేళ్లు దాటీ దాటని పిల్ల. పేరుమోసిన పండితుడితో ఒక పేదరాలు, ఒకప్పటి బానిస, సమానంగా నిలబడి మాట్లాడాలి, పైచేయి ఆమెదే కావాలి. ఆ ఊళ్లో అంతటి పండితుడు హసన్ ఒక్కడే. తేదీలు కుదరకపోతే తేదీలే సర్దుకున్నాయి.

భక్తుల చరిత్రల్లో కల్పన ఉందా అని అడగడం వల్ల పెద్ద లాభం లేదు. ఉంది, అందరికీ తెలుసు. అది ఎక్కడ మొలిచింది అన్నది అంతకన్నా పనికొచ్చే ప్రశ్న. పాత గోడ మీద రావిమొక్క ఎక్కడపడితే అక్కడ మొలవదు, పగులున్న చోటే మొలుస్తుంది. ఈ కథలూ అంతే. అర్థం తెలియని ఒక మాట, సగం చెరిగిన ఒక శాసనం, గ్రంథంలో పోయిన ఒక భాగం, వింతగా కనబడే ఒక విగ్రహం: ఇవే ఆ పగుళ్లు.

పేరులోంచి పుట్టిన మనిషి

క్రైస్తవ పునీతుల్లో క్రిస్టోఫర్ ఉన్నాడు. గ్రీకులో ఆ పేరుకు 'క్రీస్తును మోసేవాడు' అని అర్థం. మనసులో క్రీస్తును నిలుపుకున్నవాడు అనే భావంతో భక్తులు పెట్టుకున్న పేరది. మరి మోశాడు సరే, ఎక్కడ మోశాడు? ఈ ప్రశ్నకు జవాబుగా ఒక నది వచ్చింది, ఆజానుబాహువు ఒకడు వచ్చాడు, ఏరు దాటించమని అడిగే పసివాడు వచ్చాడు. నట్టేట్లోకి వెళ్లేసరికి ఆ పసివాడు లోకమంత బరువయ్యాడు. యూరప్‌లో ఎన్నో చర్చిల గోడల మీద ఆ బొమ్మ కనిపిస్తుంది. 1969లో కాథలిక్ చర్చి తన పండుగల పట్టికను సవరించినప్పుడు క్రిస్టోఫర్ దినాన్ని సార్వత్రిక పట్టికలోంచి తీసి స్థానిక సంఘాల ఇష్టానికి వదిలేసింది. పునీతుల జాబితాలోంచే తీసేశారని చాలామంది అనుకున్నారు, అది నిజం కాదు. కార్లలో ఆయన పతకం వేలాడదీసుకునే డ్రైవర్లు మాత్రం రెండింటినీ పట్టించుకోలేదు.

ఆ ఏటి కథను యూరప్ అంతా చేరవేసిన గ్రంథాల్లో ముఖ్యమైంది 'బంగారు గాథలు'. 1260ల్లో జాకోబుస్ ద వొరాజినె అనే డొమినికన్ గురువు లాటిన్‌లో కూర్చాడు. చేతిరాత ప్రతులే వెయ్యి దాకా మిగిలాయంటే ఎంతగా చదివారో ఊహించుకోవచ్చు. ఆయన పద్ధతి తమాషాగా ఉంటుంది. చాలామంది పునీతుల కథ మొదలుపెట్టే ముందు వాళ్ల పేరుకు వ్యుత్పత్తి చెబుతాడు. అందులో భాషాశాస్త్రం సున్నా. సిసీలియా అంటే 'స్వర్గపు లిల్లీ పువ్వు' అంటాడు. మన అవధానుల్లాగా ఒక్కో పేరుకు నాలుగైదు అర్థాలు లాగుతాడు. పేరులోనే జీవితం దాగి ఉందని ఆయన నమ్మకం.

ఆ సిసీలియాయే సంగీతానికి అధిదేవత అయిన వైనం ఇంకా విచిత్రం. ఆమె పెళ్లిలో వాద్యాలు మోగుతుంటే, ఆమె మాత్రం తన హృదయంలో దేవుడికే పాడుకుంది అని పాత కథ. అంటే బయటి సంగీతాన్ని పట్టించుకోలేదనే కదా. ఆ వాక్యంలోంచి 'వాద్యాలు', 'పాడింది' అన్న రెండు మాటలే జనం నోట మిగిలాయి. తర్వాతి చిత్రకారులు ఆమె చేతికి ఏకంగా వాద్యాన్నే ఇచ్చేశారు. మేళం వద్దనుకున్న పెళ్లికూతురు మేళగాళ్లకు ఇలవేల్పయింది.

ఇక మన వేమన. 'విశ్వదాభిరామ వినురవేమ' అనని తెలుగువాడు లేడు. విశ్వద అంటే విశ్వాన్ని ఇచ్చేవాడు, అభిరామ అంటే ఇష్టుడు. దేవుడికి ప్రియమైన వేమా, విను అని తాత్పర్యం చెప్పుకుంటే సరిపోతుంది. కానీ జనానికి సరిపోలేదు. ఈ అభిరాముడెవడు? కథ పుట్టింది. అభిరాముడనే కంసాలి రోజూ ఒక యోగి దగ్గరికి వెళ్లి సేవ చేస్తుంటాడు. మంత్రోపదేశం జరగాల్సిన రోజున వేమన అతణ్ని ఆపేసి, అతని బదులు తానే వెళ్లి ఆ మంత్రం కాజేస్తాడు. తర్వాత పశ్చాత్తాపపడి, నా ప్రతి పద్యంలోనూ నీ పేరు చెబుతానని మాట ఇస్తాడు. మరి విశ్వద? ఆమె వేమన మోహించిన వేశ్య అని ఒక కథ. మకుటంలో ఉన్న మూడు మాటలకు ముగ్గురు మనుషులు దొరికారు. 1829లో సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు అచ్చువేసేనాటికి కవి జీవితం గురించి గట్టి ఆధారమంటూ ఏదీ లేదు. 1947లో కె.వి. రెడ్డి తీసిన 'యోగి వేమన' చూసిన తరానికి మాత్రం కొండవీటి ప్రభువు తమ్ముడు, వదిన నగ, కంసాలి నేస్తం అన్నీ కళ్లముందు జరిగినంత నిజం.

నిజానికి ఈ కథ వేమనకు అన్యాయమే చేసిందని చెప్పాలి. కులాన్ని, గురువుల బూటకాన్ని, రాళ్ల పూజను చీల్చి చెండాడిన మనిషి, కథలో వేశ్యాలోలుడై చెడి విరాగి అయిన ప్రభువుల బిడ్డగా తేలాడు. ఆయన కోపానికి లోకంలో కారణాలు ఉన్నాయని పద్యాలు అంటుంటే, సొంత జీవితంలో తగిలిన దెబ్బే కారణమని కథ అంటుంది. వేమనను పద్యాల్లోంచే వెతకాలని 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఉపన్యాసాలు ఇవ్వాల్సి వచ్చిందంటే ఆ కథల బలం అలాంటిది.

మూడు పలకలు

పేరు కూడా లేని చోట ఏమవుతుందో ఫిలోమినా ఉదంతం చూపిస్తుంది. 1802లో రోమ్ దగ్గర ప్రిసిల్లా భూగర్భ శ్మశానంలో ఒక సమాధి బయటపడింది. మూసిన మట్టిపలకలు మూడు. వాటి మీద వరసగా 'లుమేనా', 'పాక్స్ తే', 'కుం ఫి' అని ఉంది. అర్థం లేదు. మొదటి పలకను చివరికి జరిపితే 'పాక్స్ తేకుం ఫిలుమేనా' అయింది: ఫిలుమేనా, నీకు శాంతి కలుగుగాక. పలకల మీద లంగరు, బాణాల బొమ్మలున్నాయి. అంతే ఆధారం. లోపల ఒక యువతి ఎముకలు.

1833లో నేపుల్స్‌లో ఒక సన్యాసినికి ఆ యువతే కనబడి తన చరిత్ర చెప్పిందన్నారు. తాను గ్రీకు రాజు కూతురు. డయొక్లీషియన్ చక్రవర్తి పెళ్లాడతానంటే ఒప్పుకోలేదు. మెడకు లంగరు కట్టి నదిలోకి తోస్తే దేవదూతలు తాడు తెంచారు. బాణాలు వేస్తే వేసినవాళ్లకే తిరిగి తగిలాయి. పలక మీద ఉన్న ఒక్కో బొమ్మకూ ఒక్కో హింస వచ్చింది, ఏదీ వృథా పోలేదు. ఊరూరా ఆమె పేరు పెట్టుకున్నారు. తర్వాతి పురావస్తు పరిశోధకులు, పలకలు తారుమారుగా ఉన్నాయంటే పాత సమాధి పలకల్ని తీసి వేరొకరికి మళ్లీ వాడి ఉంటారని వాదించారు. అదే నిజమైతే పేరు ఒకరిది, ఎముకలు ఇంకొకరివి. 1961లో ఆమె దినాన్ని పండుగల పట్టికల్లోంచి తొలగించారు.

ఇలాంటి ఖాళీ పూరణను దాచుకోకుండా ఒప్పుకున్న రచయిత ఒకడున్నాడు. తొమ్మిదో శతాబ్దంలో రవెన్నా నగరపు బిషప్పుల చరిత్ర రాసిన అగ్నెల్లుస్. కొందరు బిషప్పుల గురించి పెద్దలు చెప్పిందీ లేదు, కాగితాల్లోనూ లేదు. వరసలో ఖాళీ ఉండకూడదు కాబట్టి దేవుడి సాయంతో, మీ ప్రార్థనల బలంతో వాళ్ల జీవితాలు నేనే కూర్చాను, అబద్ధం చెప్పానని అనుకోను అని రాసుకున్నాడు. ఆయన ఉద్దేశంలో అది మోసం కాదు. బిషప్పన్నవాడు దయ, ప్రార్థన, దానం లేకుండా ఉండడు, కాబట్టి ఉండే ఉంటాయి. ఆయనకు సుమారు రెండు వందల యాభై ఏళ్ల ముందు తూర్ నగరపు గ్రెగరీ ఇంకా సూటిగా చెప్పాడు: ఎందరి చరిత్రలైనా 'జీవితం' అని ఏకవచనంలో అనాలి, ఎందుకంటే పునీతులందరూ గడిపేది ఒకటే జీవితం.

ఆ లెక్కన పోతనకు జరిగింది కూడా అర్థమవుతుంది. ఆంధ్ర మహాభాగవతంలో అన్ని స్కంధాలూ పోతనవి కావు. అయిదో స్కంధం బొప్పరాజు గంగన, ఆరోది ఏర్చూరి సింగన, చివరి రెండూ వెలిగందల నారయ పూర్తిచేశారు. ఎందుకిలా? రాచకొండ ప్రభువు సింగభూపాలుడు తనకు అంకితమివ్వమన్నాడు, పోతన రాముడికి తప్ప ఇవ్వనన్నాడు, ప్రభువు కోపంతో పుస్తకాన్ని భూమిలో పాతించాడు, తవ్వి తీసేసరికి కొన్ని భాగాలు చెడిపోయాయి. రాతప్రతికి పట్టిన చెద ఒక నీతికథగా మారింది. నాగలి పట్టిన కవి, పల్లకీ ఎక్కిన శ్రీనాథుడు, కాటుక కన్నీరు కార్చిన సరస్వతి, ఇవన్నీ ఆ నీతిని బలపరచడానికి వచ్చినవే. పోతనది ఒంటిమిట్టా, బమ్మెరా అన్న తగువు వేరే.

కథ పుట్టడానికి కాలం బాగా గడవాలని అనుకుంటాం. అన్నమయ్య విషయంలో మనవడు చాలాడు. తాళ్లపాక చిన్నన్న ద్విపదలో రాసిన తాత చరిత్రలో సాళువ నరసింహరాయలు, తన మీద కూడా ఒక పదం పాడమంటే అన్నమయ్య కాదన్నాడని, రాజు సంకెళ్లు వేయించాడని, పదం పాడగానే అవి ఊడిపోయాయని ఉంది. ఆ పదం 'ఆకటి వేళల అలపైన వేళలను'. అందులో 'సంకెల బెట్టిన వేళ' అని నిజంగానే ఉంది. అయితే ఆ పక్కనే 'అప్పులవా రాగిన వేళ' అని కూడా ఉంది. అంటే ఆకలి, అలసట, సంకెల, అప్పులవాళ్లు, మనిషికి వచ్చే కష్టాల పట్టీ అది. సంకెళ్ల కథ ఈ పాటలోంచే మొలిచి ఉంటుందని నాకు అనుమానం. లేకపోతే అప్పులవాళ్ల కథ కూడా ఒకటి ఉండాలి కదా. బహుశా ఋణదాతల నుంచి విముక్తి అంత గొప్ప మహిమగా తోచలేదేమో. 1997 నాటి 'అన్నమయ్య' సినిమాలో మరదళ్లతో పాటలు చూసి కల్పన మితిమీరిందని విసుక్కున్నవాళ్లు, ఆ పని మొదలుపెట్టింది కుటుంబమేనని గుర్తుంచుకోవాలి.

ఒక చుక్క తేడా

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా దూరం నడిచిన కథ మాత్రం జోసఫత్‌ది. మధ్యయుగపు యూరప్‌లో బర్లాం, జోసఫత్ అనే ఇద్దరు పునీతులంటే చాలా ఇష్టం. కథ భారతదేశంలో జరుగుతుంది. రాజు క్రైస్తవుల్ని హింసిస్తుంటాడు. లేకలేక పుట్టిన కొడుకు ఆ మతమే పుచ్చుకుంటాడని జ్యోతిష్కుడు చెబుతాడు. ముసలితనం, రోగం, చావు కంటబడకుండా రాజు కొడుకును భవనంలో పెంచుతాడు. ఒకరోజు ఆ కుర్రాడు బయటికి వచ్చి కుష్ఠురోగిని, గుడ్డివాణ్ని, ముసలివాణ్ని చూస్తాడు. మనసు విరుగుతుంది. బర్లాం అనే సన్యాసి రత్నాల వ్యాపారి వేషంలో వచ్చి బోధిస్తాడు. రాకుమారుడు రాజ్యం వదిలి అడవులకు పోతాడు.

చదువుతుంటేనే ఎవరో తెలిసిపోతుంది. బోధిసత్త్వుడు అన్న మాట పశ్చిమానికి వెళ్తూ 'బూదాసఫ్' అయింది. అరబిక్ లిపిలో 'బ'కు కింద ఒక చుక్క, 'య'కు రెండు చుక్కలు. ఎక్కడో ఒక రాతగాడి చేతిలో ఒక నుక్తా, అంటే చుక్క, ఎక్కువైంది. బూదాసఫ్ 'యూదాసఫ్' అయ్యాడు. అరబిక్ నుంచి జార్జియా భాషలోకి వెళ్లి క్రైస్తవుడయ్యాడు, అక్కడి నుంచి గ్రీకులో 'యోఆసఫ్', లాటిన్‌లో 'జోసఫత్'. కపిలవస్తు నుంచి బయల్దేరిన రాకుమారుడికి రోమన్ పునీతుల పట్టికలో నవంబరు 27న పండుగ దక్కింది. మార్కో పోలో సింహళం గురించి రాస్తూ, ఈ బుద్ధుడు క్రైస్తవుడై ఉంటే గొప్ప పునీతుడయ్యేవాడు అన్నాడు. అప్పటికే అయి కూర్చున్నాడని పాపం ఆయనకు తెలియదు. 1859, 1860ల్లో ఫ్రెంచి, జర్మన్ పండితులు ఇద్దరూ ఒకటేనని వేర్వేరుగా తేల్చారు.

బర్లాం చెప్పే ఉపకథల్లో ఒకటి మనకు ఇంకా దగ్గరిది. మృగం తరుముతుంటే ఒకడు గోతిలో పడి కొమ్మ పట్టుకుని వేలాడతాడు. కింద నోరు తెరుచుకున్న పాము, కొమ్మను కొరికే తెల్ల ఎలుక, నల్ల ఎలుక. అయినా పైనుంచి కారే తేనెచుక్క నాలుక మీద పడగానే అన్నీ మరిచిపోతాడు. మహాభారతం స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పిన కథ ఇది. అక్కడ ఏనుగు ఉన్నచోట లాటిన్ కథలో ఒంటికొమ్ము గుర్రం వచ్చింది. ఇటలీలో పార్మా నగరపు జ్ఞానస్నానశాల ద్వారం మీద 1200 ప్రాంతంలో ఈ దృశ్యాన్ని రాతిలో చెక్కారు. చెక్కినవాడికి హస్తినాపురం గురించి తెలిసే వీలే లేదు.

కథ ముదిరితే వస్తువు కూడా పుడుతుంది. 1571లో వెనిస్ అధిపతి, పోర్చుగల్ రాజు సెబాస్టియన్‌కు పునీత జోసఫత్ వెన్నెముకలోని ఒక ఎముకను బహుమతిగా ఇచ్చాడు. తర్వాత అది చేతులు మారి ఆంట్‌వెర్ప్ నగరంలోని పునీత అంద్రెయ చర్చికి చేరింది. ఎవరిదో తెలియని ఎముక, బుద్ధుడి కథ, క్రైస్తవ పీఠం. ఈ మూడూ ఒక పెట్టెలో సర్దుకున్నాయంటే కల్పన శక్తి ఏపాటిదో తెలుస్తుంది.

పంచతంత్రానికి పట్టిన అదృష్టం ఇంకా వింతది. పసిబిడ్డకు కాపలా ఉన్న ముంగిస పామును చంపుతుంది. నెత్తురు మూతితో ఎదురొచ్చిన ముంగిసను చూసి, బిడ్డనే చంపిందనుకుని ఇల్లాలు దాన్ని చంపేస్తుంది. తెలుగు పిల్లలందరూ చదివిన కథే. ఫ్రాన్స్‌లో లియోన్ నగరం దగ్గర ముంగిస బదులు వేటకుక్క, పేరు గినెఫోర్. పల్లె జనం ఆ కుక్కను పూడ్చిన చోటును పుణ్యస్థలం చేసుకుని, రోగాలొచ్చిన పసిపిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు. పదమూడో శతాబ్దంలో బూర్బోన్ స్తెఫాన్ అనే గురువు, ఆడవాళ్లు పాపసంకీర్తనంలో 'పునీత గినెఫోర్' దగ్గరికి వెళ్లామని చెబుతుంటే, ఎవరీ పునీతుడని ఆరా తీసి ఉలిక్కిపడ్డాడు. కుక్క ఎముకల్ని తవ్వించి తగలబెట్టించాడు. అయినా ఆ మొక్కులు శతాబ్దాల పాటు ఆగలేదు.

విగ్రహంలోంచి పుట్టిన పునీతురాలూ ఉంది. ఇటలీలో లుక్కా నగరంలో సిలువ మీది యేసుకు నిలువుటంగీ తొడిగిన పాత విగ్రహం ఒకటి ఉంది. ఉత్తరాదివాళ్లకు సిలువ మీద గోచీతో ఉన్న యేసే అలవాటు. నిలువుటంగీ చూసి ఆడమనిషి అనుకున్నారు. మరి గడ్డం? ఇష్టం లేని పెళ్లి తప్పించమని ప్రార్థిస్తే దేవుడు గడ్డం మొలిపించాడు, తండ్రి కోపంతో సిలువ వేయించాడు. ఆమె విల్గెఫోర్టిస్. ఇంగ్లండులో ఆడవాళ్లు మొగుళ్ల పీడ వదిలించమని ఓట్స్ గింజలు సమర్పించి మరీ ఈమెకు మొక్కుకునేవాళ్లు. పొరపాటున పుట్టినా, ఎవరికి కావాలో వాళ్లకు దొరికింది.

నమ్మేవాళ్లే జల్లెడ పట్టినప్పుడు

ఈ కథల మీద గట్టిగా అనుమానపడింది నాస్తికులని అనుకుంటే పొరపాటు. బెల్జియంలో యేసు సభకు చెందిన గురువులు, బొల్లాండిస్టులని పేరు, 1643 నుంచి పునీతుల చరిత్రలను తేదీల వారీగా, పాత ప్రతులతో సరిపోల్చి అచ్చువేయడం మొదలుపెట్టారు. వాళ్లలో పేపెబ్రోక్ అనే ఆయన, కార్మెల్ అనే సన్యాసుల సభను బైబిల్లోని ఏలీయా ప్రవక్త స్థాపించాడన్నది నిలబడదని రాశాడు. కార్మెల్ సభవాళ్లు ఊరుకుంటారా? 1695లో స్పెయిన్ మతవిచారణ సంస్థ ఆ సంపుటాలను నిషేధించింది. బొల్లాండిస్టుల సంఘానికే చెందిన దెలెహాయ్ 1905లో, ఒక కథ కల్పితమైనంత మాత్రాన పునీతుడు లేడని కాదు, చరిత్ర బాగున్నంత మాత్రాన ఉన్నాడనీ కాదు అనే తరహాలో ఈ శాస్త్రానికి పునాదులు వేశాడు. మన సంత్‌ల విషయంలో ఇలాంటి పని చేయబోతే ఇవాళ ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఏది నిజం, ఏది కాదు అని ఏరి పక్కన పెట్టడంతో పని అయిపోదు. కల్పనకు దిశ ఉంటుంది, ఎటువైపు లాగుతోందో చూడాలి. చర్మకారుడైన రైదాసు కథనే తీసుకోండి. బ్రాహ్మణులు ఆయనతో పంక్తిలో కూర్చోవడానికి ఒప్పుకోకపోతే, ఆయన తన చర్మం చీల్చి లోపలి బంగారు జంధ్యం చూపించాడని ఉత్తరాది భక్తమాల వ్యాఖ్యానాల్లో చెబుతారు. పూర్వజన్మలో బ్రాహ్మణుడట. కబీరు బ్రాహ్మణ వితంతువు కన్న బిడ్డ అనే కథ కూడా ఈ కోవదే. పెద్దపీట వేస్తున్నట్టే వేసి, ఆ పీట ఎక్కే అర్హత చర్మం కింద వేరే ఉందంటున్నాయి ఈ కథలు.

వీటి పక్కన పదమూడో శతాబ్దపు పాల్కురికి సోమనాథుడి బసవపురాణం పెట్టి చూడండి. అందులో మాదర చెన్నయ్య చెప్పులు కుట్టేవాడు. చోళరాజు పెట్టిన షడ్రసోపేతమైన నైవేద్యాన్ని శివుడు ముట్టడు. ఎందుకంటే ఆ రోజు చెన్నయ్య ఇంట్లో అంబలి తాగి వచ్చాడు, కడుపు నిండింది. అక్కడ ఏ జంధ్యమూ బయటపడదు. రాజే వచ్చి చెన్నయ్య కాళ్ల మీద పడతాడు. రెండూ కల్పనలే. ఒకటి భక్తుణ్ని మార్చింది, ఇంకొకటి దేవుణ్ని నడిపించింది.

ఒకే పగులును రెండు కాలాలు రెండు రకాలుగా పూడ్చిన ఉదాహరణ తమిళదేశంలో ఉంది. అరవై ముగ్గురు నాయనార్లలో, అంటే శివభక్తుల్లో, ఒకాయన పేరు 'తిరునాళైప్పోవార్', అంటే రేపు వెళ్తాననేవాడు. మనకు నందనారుగా తెలుసు. చిదంబరం వెళ్లాలని తపించిన పులైయ కులస్థుడు. మరి ఇవాళే ఎందుకు వెళ్లలేదు? పన్నెండో శతాబ్దంలో సేక్కిళార్ రాసిన పెరియపురాణంలో, తన పుట్టుకను తలచుకుని ఆయనే వెనుకాడతాడు. చివరికి అగ్నిలో దిగి జంధ్యంతో బయటికొచ్చి గుళ్లోకి వెళ్తాడు. పందొమ్మిదో శతాబ్దంలో గోపాలకృష్ణ భారతి కథాకాలక్షేపం కోసం ఈ కథను పాటలుగా కట్టినప్పుడు కొత్త పాత్ర వచ్చింది. పొలం యజమాని, బ్రాహ్మణుడు. పాలేరుకు సెలవు ఇవ్వడు, పొలం పని అంతా పూర్తి చేసి పొమ్మంటాడు. రాత్రికి రాత్రి దేవుడే సేద్యం చేసిపెడతాడు. సేక్కిళార్‌లో ఆ యజమాని లేడు, పచ్చి కల్పన. కానీ 'రేపు' అన్న మాటకు అసలైన కారణం పట్టుకున్నది ఆ కల్పనే అనిపిస్తుంది. మొదటి కథలో అడ్డం భక్తుడి మనసులో ఉంది, రెండో కథలో పొలం గట్టు మీద నిలబడి ఉంది. మంట మాత్రం అలాగే మిగిలింది. దాన్ని మార్చే ధైర్యం భారతికీ లేకపోయింది.

ఇప్పుడు గోల్కొండకు తిరిగి వెళ్తే రామదాసు కథలో ఇంకో వివరం కొత్తగా కనిపిస్తుంది. రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీ పేర్లతో అర్ధరాత్రి తానీషా పడకగదికి వెళ్లి ఆరు లక్షల మొహరీలు లెక్కపెట్టి ఇస్తారు. ఇచ్చి ఊరుకోరు. రసీదు అడుగుతారు. తానీషా రాసిచ్చిన ఆ కాగితాన్ని చెరసాలలో నిద్రపోతున్న గోపన్న తల కింద పెట్టి మాయమవుతారు. సంకెళ్లు తెగే మహిమ అన్నమయ్యకు, ఏరు దాటే మహిమ క్రిస్టోఫర్‌కు. తహసీల్దారుకు తగిన మహిమ చెల్లు రసీదే. శిస్తు బకాయి పడిన మనిషికి దేవుడు వచ్చి లెక్క తీర్చి కాగితం ఇప్పించడం, ఆ కాలపు రెవెన్యూ బాధ తెలిసినవాళ్లు అల్లిన కథ.

ఆ బాధ కీర్తనల్లోనూ ఉంది. 'ఇక్ష్వాకుల తిలక' కీర్తనలో రామదాసు, చింతాకు పతకానికి పట్టె పదివేలు అంటూ నగానగకూ పద్దు చదువుతాడు. మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీసి, దెబ్బలకోర్వలేక తిట్టానంటూ వెంటనే దిగివస్తాడు. కథలో ఎంత కల్పన ఉన్నా, ఈ గొంతులో మాత్రం దెబ్బలు తిన్న మనిషి వినిపిస్తాడు.

తానీషా ఆ తర్వాత భద్రాచల రాముడి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపాడని చెబుతారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. అసఫ్‌జాహీలు వచ్చారు, వెళ్లారు. రాష్ట్రం పేర్లు మారాయి. ఇప్పటికీ శ్రీరామనవమి నాడు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు భద్రాచలం వెళ్తాయి. దానికి ముందు ఏటా ఏదో ఒక ఆఫీసులో ఫైలు నడుస్తుంది, ఖర్చు పద్దులో పడుతుంది, ఎవరో ఒకరు రసీదు మీద సంతకం పెడతారు.